రేడియోకి చెవుడు లేదట

"వినికిడి సాధారణంగానే ఉంది" అని బోర్డు డాక్టరు తేల్చేశాడు. ఆ సంగతి రేడియోకి చెవులతో తెలియలేదు. వచ్చిన కాగితాన్ని కూతురు పైకి చదువుతుంటే ఆ పిల్ల పెదవుల కదలిక చూసి తెలుసుకుంది. చెవులు బాగున్నాయన్న తీర్పును కూడా ఆవిడ కళ్ళతోనే వినాల్సి వచ్చిందన్నమాట. ఇంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఆ ఏడాది నగరంలో ఇంకోటి జరిగిందంటే నమ్మడం కష్టం.

రేడియో అన్నది మిల్లులో పెట్టిన పేరు. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎవరి నోటా నానలేదు. నేత షెడ్డులో ఈ చివర పుట్టిన కబురు ఆ చివరికి చేరాలంటే ఆవిడ ముఖం మీదుగానే పోవాలి. ఎవరికి నెల తప్పింది, ఎవరి మొగుడు అలిగి చెల్లెలింటికి పోయాడు, కొత్త సూపర్‌వైజరు నెత్తిమీది జుట్టు సొంతమా కొన్నదా, అన్నీ ఆవిడే ప్రసారం చేసేది. మనిషి పొట్టి. మగ్గం వెనక నిలబడితే కనపడదని నూలు చుట్టిన కండెలు పెట్టే పెట్టె ఒకటి బోర్లించి దాని మీదెక్కి మాట్లాడేది. మగ్గాలు ఆగిన వేళల్లో దిగమని సూపర్‌వైజరు కింద నుంచి కేకలు పెడితే వినపడనట్టు చూసేది. అప్పట్లో అది నటన.

ఆ షెడ్డులో మగ్గాలు వందల్లో ఉండేవి, అన్నీ కరెంటు మగ్గాలు. పోగు మోసే నాడె ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ కొట్టుకుపోతుంటే ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, పళ్ళలోకి దిగేది. పక్కమనిషి చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా గాలి తగలడమే తప్ప మాట అందేది కాదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు గొంతు వాడడం మానేశారు. పెదవులు వెడల్పుగా, నింపాదిగా కదుపుతూ, కనుబొమలూ వేళ్ళూ కలిపి మాట్లాడుకునేవారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు మూగమాట. పనిలో చేరిన పిల్ల తెగిన పోగు అతకడం ముందు నేర్చుకునేదో మూగమాట ముందు నేర్చుకునేదో చెప్పలేం. సూపర్‌వైజర్లకి మాత్రం అది ఎన్నేళ్ళున్నా పట్టుబడలేదు. వాళ్ళని ఎదురుగా నిలబెట్టి, నవ్వు ముఖంతో, నోటికొచ్చినట్టు తిట్టిపోసేవారు.

మూగమాటకి ఒక మర్యాద ఉంది. ఎదుటి మనిషి నోరు కదిపితే ముఖం అటు తిప్పి తీరాలి, అందిందని ఏదో ఒక సైగ చేసి తీరాలి. చూపు తప్పించడమంటే చెంప మీద కొట్టినట్టే. ఆ మర్యాదే చివరికి రేడియో కొంప ముంచింది.

చెవులు ఒక్కరోజున పోలేదు. ముందు కుళాయి కట్టేయడం మరిచిపోసాగింది. నీళ్ళు పారుతున్న చప్పుడు లేకపోతే కట్టాలని ఎవరికి గుర్తుంటుంది? తర్వాత పొయ్యి మీద పాలు పొంగిపోవడం, తలుపు అవతల మనిషి నిలబడి నిలబడి వెనక్కి పోవడం. కూతురు పుట్టేనాటికి పసిపిల్ల ఏడుపు కూడా అందకుండా పోయింది. భర్తేమో బాయిలరు దగ్గర పని, డ్యూటీ దిగి పడుకుంటే ఇల్లు కూలినా లేచే మనిషి కాదు. అందుకని రేడియో ఉయ్యాలకి ఒక నూలుతాడు కట్టి, దాని రెండో కొస తన మణికట్టుకి చుట్టుకుని పడుకునేది. పిల్ల కాళ్ళు ఆడిస్తే తాడు లాగేది. ఆ సంగతి చెప్పి ఆవిడ తర్వాత్తర్వాత నవ్వేది గానీ, విన్నవాళ్ళకి నవ్వు వచ్చేది కాదు.

ఇక ఆ నగరం సంగతి. అక్కడ మొదట ఉన్నది నదీ, నది పక్కన బురదా. ఆ నీళ్ళు రంగులద్దకానికి బాగుంటాయని ఎవరో మిల్లు పెట్టారు. బొగ్గు తేవడానికి రైలు వేశారు. రైలుంది కదా అని చుట్టూ ఇంకొన్ని మిల్లులు లేచాయి. పొగగొట్టాల కింద ఇళ్ళు, ఇళ్ళ వెనక దండేలు, దండేల మీద ఉతికి ఆరేసిన గుడ్డలకి సాయంత్రంలోపే మసి. ఆ మిల్లులు కట్టిన పన్నులతో వెడల్పు రోడ్లు వచ్చాయి, గడియార స్తంభం వచ్చింది, కోర్టు వచ్చింది. ఇంత సంపద పుట్టే చోటే పెద్దరికం ఉండాలని చుట్టుపక్కల ప్రాంతమంతటికీ దాన్ని రాజధానిని చేశారు. రాజధాని కాగానే నగరానికి మిల్లులంటే నామోషీ పట్టుకుంది. పొగ వస్తోందన్నారు, వీధుల్లో నూలుదూది ఎగురుతోందన్నారు. ఈలోగా బయటినుంచి చవక బట్ట దిగడం మొదలైంది, యజమానులకి ఆ నామోషీ కలిసొచ్చింది. మగ్గాలు పాత ఇనుము కింద తూకానికి వేసేసి, స్థలాలు మాత్రం కంటికి రెప్పలా కాపాడుకున్నారు. మనుషుల్ని గాలికి వదిలేశారు.

రంగుల మిల్లు ఇప్పుడు షాపింగ్ మాల్. రేడియో కూతురు అందులో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తుంది. అక్కడ అమ్మే చొక్కాల్లో ఒక్కటీ ఆ నగరంలో నేసింది కాదు. నేత షెడ్డుని మధ్యలో గోడ కట్టి రెండు చేశారు. ఒక సగం ప్రభుత్వ కార్యాలయం, రెండో సగం మ్యూజియం. "నూలు నుంచి పాలన దాకా" అని గుమ్మం మీద ఇత్తడి అక్షరాలు బిగించారు. నూలుకీ పాలనకీ మధ్య ఎవరి చెవులు పోయాయో ఆ ఇత్తడిలో లేదు.

మ్యూజియం తెరిచిన కొత్తలో కూతురు తల్లిని తీసుకెళ్ళింది. లోపల ఒకే ఒక్క మగ్గం మిగిల్చి, నూనె రాసి, తాడు కట్టిన కంచె మధ్య నిలబెట్టారు. పక్కన ఒక మీట. నొక్కితే మగ్గం కదులుతుంది, అప్పటి చప్పుడు స్పీకర్లలో వినపడుతుంది. మీట పక్కన ఒక బోర్డు, బోర్డు కింద చెవులకి పెట్టుకునే మెత్తటి డిప్పలు వరసగా వేలాడదీసి ఉన్నాయి. శబ్దం ఎక్కువగా ఉంటుంది, చెవులకి హాని కలగవచ్చు, దయచేసి ఇవి ధరించండి అని రాశారు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, ఒక్క మగ్గం చప్పుడు ఓ నిమిషంపాటు వినిపోయేవాళ్ళ కోసం ఆ జాగ్రత్త. రేడియో ఆ బోర్డు చదివి చాలాసేపు అక్కడే నిలబడింది. ఆవిడ పనిచేసినన్నాళ్ళూ ఎవరూ చెవిలోకి దూదిపింజ కూడా ఇవ్వలేదు. దూది మిల్లులో, చుట్టూ దూదే. అయినా ఇవ్వలేదు. తనంతట తానే చెవుల్లో దూది పెట్టుకున్న ఒక పనిపిల్లని దొంగతనం కింద పనిలోంచి తీసేశారు. 

మిల్లు మూసేటప్పుడు కంపెనీ ప్రభుత్వానికి ఒక మాట ఇచ్చింది. పని వల్ల చెవులు పోయినవాళ్ళకి వినికిడి యంత్రమూ, జీవితాంతం వైద్యమూ తానే చూసుకుంటానంది. చెవులు పనివల్లే పోయాయని ప్రభుత్వం వేసిన మెడికల్ బోర్డు ఒప్పుకోవాలన్నదే షరతు. షెడ్డులో మిగిలిన ఆడవాళ్ళంతా అర్జీ పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగారు.

రేడియోకి ఆ యంత్రం మీద పెద్ద ఆశ లేదు. ఆవిడ తపనంతా కండె కోసం. కండె అంటే ఎదురు మగ్గం మనిషి, కండెలా సన్నగా నిటారుగా ఉండేదని ఆ పేరు. వయసులో చిన్నది, రేడియోని అక్కా అంటుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ముసలివాళ్ళయ్యారు. కండెకీ చెవులు లేవు, అది పాత సంగతి. ఇప్పుడు కళ్ళు పోతున్నాయి. నరం దెబ్బతిందనీ ఆపరేషనుకి లొంగదనీ ఆసుపత్రిలో చెప్పేశారు. ముఖం కిటికీ వెలుగులోకి తిప్పి, గడ్డం పట్టుకుని, బాగా దగ్గరికి లాక్కుంటే తప్ప పెదవులు ఆనడం లేదు. అవీ ఆనకపోతే ఇక ఆ మనిషికి లోకంతో మాటే ఉండదు. గట్టి యంత్రం పెట్టి ఎప్పటికప్పుడు సరిచేయిస్తూ ఉంటే ఎంతో కొంత వినపడుతుందని చెప్పిన ఆసుపత్రి డాక్టరే, అది మీరు కొనగలిగేది కాదని కూడా చెప్పాడు. కాబట్టి బోర్డు ఒప్పుకుంటే కండె మనుషుల్లో ఉంటుంది. లేకపోతే లేదు.

అందర్నీ పరీక్షించడం కుదరదనీ, ముందు ఒకరిని పంపండి, అది చూసి మిగతావి తేలుస్తామనీ బోర్డు అంది. ఎవరిని పంపాలి? ఇక్కడే ఆ ఆడవాళ్ళు చేయరాని తప్పు చేశారు. ఆఫీసర్ల ముందు బెదరకుండా మాట్లాడగలిగేది ఎవరని చూశారు. అడిగిందానికి అడిగినట్టు టకటకా జవాబు చెప్పగలిగేది ఎవరని చూశారు. ఒక్క గొంతుతో రేడియో అన్నారు, గొంతంటే మాట వరసకి. చెవుడు నిరూపించుకోవడానికి, మాట అందుకోవడంలో షెడ్డు మొత్తానికీ మొనగత్తెని ఏరికోరి పంపారు.

రేడియో ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వెళ్ళింది. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. బల్లకి ఎదురుగా కూర్చుని ఊరూ పేరూ అడిగాడు, ఎన్నాళ్ళు పనిచేశారన్నాడు, నిద్ర పడుతుందా అన్నాడు. అన్నిటికీ ఆవిడ చక్కగా జవాబిచ్చింది. తర్వాత చెవులకి డిప్పలు తగిలించి చేతికి ఒక మీట ఇచ్చాడు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కమన్నాడు. ఆవిడకి చప్పుడేం వినపడుతుంది? కానీ డాక్టరు వేలు తన యంత్రం మీద కదిలినప్పుడల్లా కనుబొమ కొద్దిగా పైకి లేస్తోంది. అవతలి మనిషి సైగ చేస్తుంటే జవాబివ్వకుండా ఊరుకోవడం ఎట్లా? కదిలినప్పుడల్లా నొక్కింది. నొక్కినప్పుడల్లా ఆయన తలాడించాడు. ఆయన తలాడించేకొద్దీ ఆవిడ ఉత్సాహంగా నొక్కింది. పరీక్ష అన్నాక ప్యాసవ్వాలని తప్ప, ఫెయిలవడానికి కూడా పరీక్షలుంటాయని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి కండెని కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని, ఒక్కటి కూడా తప్పు పోలేదని గొప్పగా చెప్పింది.

కండె ఆవిడ గడ్డం వదల్లేదు. "ఏవిటక్కా తప్పు పోనిది?" అంది.

అప్పుడు గానీ రేడియోకి వెలగలేదు.  కాగితం రావడానికి ఇంకా సమయం పట్టింది గానీ, దాంట్లో ఏముంటుందో ఆ క్షణానే తెలిసిపోయింది.

మళ్ళీ విచారించమని అడిగే హక్కు ఒక్కసారికి ఉందన్నారు. కూతురు ఆ దరఖాస్తు పెట్టించి, తల్లికి ఇంట్లో పాఠం చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళు మాట్లాడుతుంటే నోటికేసి చూడొద్దు, నేలచూపులు చూస్తూ కూర్చో అంది. రేడియో ప్రయత్నించింది. కూతురు ఏదో అడగడం, ఆవిడ కళ్ళు దించుకోవడం. రెండు క్షణాలు కాకముందే తల దానంతటదే లేచేది. నా కూతురు నాతో మాట్లాడుతుంటే గోడకేసి చూడమంటావా అని పిల్లమీదే విసుక్కుంది. ఉన్న అబద్ధమల్లా వాళ్ళు రాసిన కాగితంలో ఉంది. నిజం చెప్పడానికి తానెందుకు నటించాలన్నది ఆవిడ కోపం. ఆ కోపంలో తప్పేముంది?

విచారణ రోజున మాల్‌లో సెలవివ్వలేదు, కూతురు రాలేకపోయింది. షెడ్డు ఆడవాళ్ళంతా వచ్చారు. కార్యాలయం ఎక్కడనుకున్నారు, ఆ నేత షెడ్డు సగంలోనే. స్తంభాలకి తెల్లరంగు కొట్టారు, నేలమీద నూనె మరకలు కనపడకుండా పలకలు పరిచారు. రేడియో మగ్గం ఉండిన చోట మంచినీళ్ళ యంత్రం ఉంది. హాల్లో బెంచీలు, చివర గాజు గోడల గది. గదిలో డాక్టరు, బోర్డు ఆఫీసరు, కంపెనీ వకీలు. తలుపు వేసి ఉంది. రేడియోని గాజు అవతలే నిలబెట్టి, పిలిచేదాకా ఆగమని బంట్రోతు సైగ చేశాడు.

లోపల వకీలు మాట్లాడుతున్నాడు. ఆవిడ కళ్ళు వెతుక్కుంటూ పోలేదు, పెదవులు కదిలితే అటు పోవడం వాటి అలవాటు. ఈ ఒక్క ముసలమ్మది కొట్టేస్తే షెడ్డు మొత్తం పోయినట్టే అంటున్నాడు. మ్యూజియానికి కంపెనీ పేరు పెట్టే సంతకాలు అయ్యేదాకా చెవులూ గివులూ అని ఎవరూ అల్లరి చేయకూడదని మావాళ్ళ మాట, భోజనం వేళకి ముగించేద్దాం అన్నాడు. ఆఫీసరు తల ఊపాడు. ఆవిడ బయటే ఉన్నారు కదా అని డాక్టరు అంటే, తలుపు వేసే ఉందిగా అని వకీలు నవ్వాడు.

రేడియోకి కడుపు మండిపోయింది. కూతురు చెప్పిన పాఠం ఏమైందో తెలియదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, వకీలు అన్నదంతా పొల్లుపోకుండా ఆయన ముఖం మీదే అప్పజెప్పింది. తన గొంతు ఎంత పెద్దదో ఆవిడకి తెలియదు. హాలు ఆ చివర ఉన్న బంట్రోతు కూడా వెనక్కి తిరిగి చూశాడు.

వకీలు ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. అంతే, మళ్ళీ వెలిగింది. ఆఫీసరు వైపు తిరిగి, "చూశారా, గాజు గోడ అవతల్నించి కూడా విన్నారు. ఇంక పరీక్షెందుకండీ?" అన్నాడు.

ఆఫీసరు రాసుకున్నాడు. నిజంగా రాసుకున్నాడు. డాక్టరు గాజు గోడని చూశాడు, ఆవిడ కళ్ళని చూశాడు, మళ్ళీ గాజుని చూశాడు. ఏం జరిగిందో ఆ కుర్రవాడికి అర్థమైంది, అది అతని ముఖంలో తెలుస్తూనే ఉంది. అర్థమై తలదించుకుని కలం మూత పెట్టుకున్నాడు. ఆ గదిలో అందరికన్నా ఎక్కువ కోపం తెప్పించవలసినవాడు అతనే. తెలియక తప్పు రాసినవాడు ఒక ఎత్తు, తెలిశాక దిద్దకుండా కూర్చున్నవాడు ఒక ఎత్తు.

అర్జీలన్నీ తోసిపుచ్చుతున్నట్టు ఆఫీసరు చెప్పాడు. అయితే రూలు ప్రకారం పేరు పేరునా పిలిచి, ప్రతి ఒక్కరూ వచ్చి తీర్పు అందుకున్నట్టు సంతకం పెడితేనే విచారణ ముగిసినట్టు లెక్కట. మీరూ బయట కూర్చోండి, మైకులో పిలుస్తారన్నాడు.

రేడియో బయటికొచ్చేసరికి బెంచీల మీది ముఖాలన్నీ ఆవిడవైపే ఉన్నాయి. ఆవిడ గొంతెత్తలేదు. పాత రోజుల్లోలాగే ఈ చివర నుంచి ఆ చివరి దాకా మూగమాటలో చెప్పింది. తాను లోపల ఏమన్నదీ, దాన్ని వాళ్ళు ఎట్లా తిప్పారో కూడా దాచలేదు. కండె ఏమైందని చెయ్యి చాపి తడుముకుంటోంది. రేడియో వెళ్ళి పక్కన కూర్చుని, ఆ మనిషి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. కండె అందిందని తల ఆడించి, చాపిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఆ ముఖం చూడలేక రేడియో తల పక్కకి తిప్పుకోబోయింది. అంతలో తట్టింది ఆవిడకి.

లేచి నిలబడి, అందరికీ కనపడేట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "కళ్ళు మూసుకోండి. ఎవరో ఒకరు వచ్చి ఒంటిమీద చెయ్యి వేసేదాకా తెరవొద్దు."

వాళ్ళు వెంటనే మూసుకోలేదు. మనిషి ముందు కళ్ళు మూసుకోవడం ఎంత అమర్యాదో ఆ షెడ్డులో నేర్చుకున్న ముఖాలవి. ఒకావిడ మూసుకుంది, పక్కనావిడ చూసి మూసుకుంది. అట్లా బెంచీ వెంట బెంచీ, రెప్పలన్నీ వాలిపోయాయి. చివరికి రేడియో కూర్చుని, కండెకీ దగ్గరగా చెప్పి, ఆ మనిషి చెయ్యి పట్టుకుని, తానూ మూసుకుంది.

నలుగురిలో ఉండగా ఆవిడ ఎన్నడూ కళ్ళు మూసుకుని ఎరగదు. ఇన్నేళ్ళూ చెవులు లేని లోటు ఇంత అని ఆవిడకే తెలియదు, కళ్ళు తెలియనివ్వలేదు. ఇప్పుడు తెలిసింది. మైకు మోగుతోందో లేదో తెలియదు. పిలుస్తున్నారో, పిలవకుండానే నవ్వుకుంటూ భోజనానికి వెళ్ళిపోయారో తెలియదు. పక్క బెంచీలవాళ్ళు ఉన్నారో, ఓపిక పట్టలేక లేచి సంతకాలు పెట్టేస్తున్నారో తెలియదు. ఏ వైపు నుంచీ ఏమీ రావడం లేదు. ఆవిడకి భయం వేసింది. మనుషుల మధ్య కూర్చుని ఇంత ఒంటరిగా ఉండొచ్చని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. చేతిలో కండె వేళ్ళు మాత్రం కదలకుండా, నిబ్బరంగా ఉన్నాయి. ఈ చీకటి కండెకి కొత్తదేం కాదు, రోజూ కొంచెం కొంచెంగా అందులోకే నడుస్తోంది. ఆ ఆలోచన రాగానే రేడియోకి భయం పోయి మళ్ళీ కోపం వచ్చింది. రెప్పలు ఇంకా గట్టిగా బిగించింది.

ఎంతసేపో అట్లాగే గడిచింది. చివరికి భుజం మీద ఒక చెయ్యి పడింది. కళ్ళు తెరిస్తే ఆఫీసరు వంగి నిలబడి ఉన్నాడు, నుదుటి మీద చెమట. వెనక డాక్టరు, వకీలు, మైకు పట్టుకుని బంట్రోతు. బెంచీల మీద ఒక్క మనిషి కూడా కదల్లేదు, ఒక్క కన్ను కూడా తెరుచుకోలేదు. అటు మ్యూజియంలోకి పోతున్న జనం గుమ్మం దగ్గర ఆగి వింతగా చూస్తున్నారు.

ఆఫీసరు పెదవులు విసుగ్గా కదిలాయి. "ఏమ్మా, గొంతు పోయేట్టు అందరి పేర్లూ పిలిచాం. ఒక్కరూ పలకరేం?"

"పిలిచారా?" అంది రేడియో. "అయితే ఆ మాట రాయండి."

అని డాక్టరు వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.